ఆసియాలో పరిశోధన, సాంకేతిక ఆవిష్కరణలపై పెట్టుబడులు

కొత్త జ్ఞానాన్ని సంపాదించడానికి, దానితో కొత్త వస్తువులను, పద్ధతులను తయారుచేయడానికి ఆసియా దేశాల్లో ప్రభుత్వాలు, పరిశ్రమలు, విశ్వవిద్యాలయాలు పెట్టే ఖర్చు, ఆ ఖర్చు కాలక్రమంలో మారిన తీరు ఈ వ్యాస విషయం. 20వ శతాబ్దం మధ్యనాటికి ఈ ఖండంలో పారిశ్రామిక పరిశోధన అంటే ప్రధానంగా జపానే. ఇప్పుడు స్థూల దేశీయోత్పత్తి (జీడీపీ)లో పరిశోధనకు ప్రపంచంలోకెల్లా ఎక్కువ వాటా వెచ్చించే ఇజ్రాయెల్, దక్షిణ కొరియా రెండూ ఆసియా దేశాలే. మొత్తం వ్యయంలో చైనా అమెరికాతో పోటీ పడుతోంది. మరోపక్క భారత్, పాకిస్థాన్, ఇండొనేసియా వంటి పెద్ద దేశాలు జీడీపీలో 1 శాతం కూడా ఈ పద్దుకు పెట్టడం లేదు. ఈ తేడా సంపద వల్ల మాత్రమే వచ్చింది కాదు. 1960లలో కొరియా పేద దేశమే. ప్రభుత్వ ప్రయోగశాలలో మొదలైన పని పరిశ్రమ చేతికి అందిందా, అందాక పరిశ్రమ సొంత డబ్బు పెట్టిందా అన్నదే దేశాల దారులు చీలిన చోటు.

నిర్వచనం, కొలమానాలు

పరిశోధన-అభివృద్ధి (ఆర్ అండ్ డీ) వ్యయాన్ని లెక్కించడానికి చాలా దేశాలు ఫ్రస్కాటి మాన్యువల్‌ను అనుసరిస్తాయి. 1963లో ఇటలీలోని ఫ్రస్కాటి పట్టణంలో జరిగిన సమావేశంలో ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ (ఓఈసీడీ) నిపుణులు దీనికి రూపమిచ్చారు. ఏడో ప్రచురణ 2015లో వచ్చింది. ఇది పరిశోధనను మూడు రకాలుగా విడదీస్తుంది. ఫలానా ఉపయోగం అని ముందే అనుకోకుండా ప్రకృతి నియమాలను తెలుసుకునేది మౌలిక పరిశోధన. నిర్దిష్ట ప్రయోజనం కోసం సాగేది అనువర్తిత పరిశోధన. తెలిసిన విషయాన్ని వస్తువుగానో తయారీ పద్ధతిగానో మలిచేది ప్రయోగాత్మక అభివృద్ధి.

ఒక దేశంలో ఏడాదిలో ఈ మూడింటిపై అన్ని వర్గాలూ పెట్టిన మొత్తాన్ని స్థూల దేశీయ పరిశోధన వ్యయం అంటారు. దాన్ని జీడీపీతో భాగిస్తే వచ్చే శాతం పరిశోధన తీవ్రత. దేశాలను పోల్చేటప్పుడు ఎక్కువగా వాడేది దీన్నే. అయితే రక్షణ పరిశోధనను అన్ని దేశాలూ ఒకేలా లెక్కలో చేర్చవు. ఇజ్రాయెల్ గణాంకాలు దాన్ని చాలావరకు మినహాయిస్తాయి. భారత్ లెక్కలో రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ ఖర్చు కలిసే ఉంటుంది. అందువల్ల శాతాలను పక్కపక్కన పెట్టి చూసేటప్పుడు జాగ్రత్త అవసరం.

పరిశోధన, ఆవిష్కరణ ఒకటి కావు. ప్రయోగశాలలో తేలిన విషయం మార్కెట్లోకి వస్తువుగానో సేవగానో వచ్చినప్పుడే అది ఆవిష్కరణ. ఈ రెండింటి మధ్య డబ్బు దొరకక చాలా ప్రయత్నాలు ఆగిపోతాయి. కింద చెప్పుకునే విధానాల్లో చాలావరకు ఆ ఎడం పూడ్చడానికి పుట్టినవే.

చారిత్రక క్రమం

జపాన్: భౌతిక, రసాయన పరిశోధనల సంస్థ రికెన్ 1917లోనే టోక్యోలో ఏర్పడింది. యుద్ధానంతరం వాణిజ్య, పరిశ్రమల మంత్రిత్వశాఖ (మిటి) విదేశీ పరిజ్ఞానాన్ని కొని, దాన్ని మెరుగుపరచుకునే కంపెనీలను ప్రోత్సహించింది. ఆసియా ప్రభుత్వాలు తర్వాత పదేపదే అనుకరించిన నమూనా 1976-80 మధ్య నడిచిన అతి భారీ సమగ్ర సర్క్యూట్ల (వీఎల్‌ఎస్‌ఐ) పథకం. ఫుజిత్సు, హిటాచీ, మిత్సుబిషి, ఎన్ఈసీ, తోషిబా మార్కెట్లో పోటీదారులు. అయినా చిప్‌ల తయారీకి అవసరమైన మౌలిక పరికరాలపై కలిసి పరిశోధించాయి. మొత్తం సుమారు 7,000 కోట్ల యెన్ల ఖర్చులో ప్రభుత్వ వాటా సగం కన్నా తక్కువ. 1980ల మధ్యకు మెమరీ చిప్‌ల మార్కెట్లో జపాన్ అమెరికాను దాటింది. 1986లో రెండు దేశాలూ సెమీకండక్టర్ ఒప్పందం చేసుకోవలసి వచ్చింది.

అదే మంత్రిత్వశాఖ 1982లో మొదలుపెట్టిన అయిదో తరం కంప్యూటర్ పథకం మాత్రం పదేళ్ల తర్వాత వ్యాపార ఫలితం ఇవ్వకుండానే ముగిసింది. ఒకే యంత్రాంగం, ఒకే తరహా ప్రణాళిక. మొదటిదానిలో ఏం తయారుచేయాలో కంపెనీలకు ముందే తెలుసు. రెండోదానిలో అది తేలలేదు. ప్రభుత్వమే లక్ష్యాన్ని నిర్ణయించే పథకాలపై చర్చ వచ్చినప్పుడల్లా ఈ జంట ఉదాహరణ ప్రస్తావనకు వస్తుంది. జపాన్ పరిశోధన తీవ్రత కొన్నేళ్లుగా 3 శాతం పైనే ఉంది. అత్యాధునిక చిప్‌లను తిరిగి స్వదేశంలో తయారుచేయడానికి 2022లో ప్రభుత్వ మద్దతుతో రాపిడస్ అనే సంస్థ ఏర్పడింది. దాని కర్మాగారం హొక్కైడో దీవిలోని చిటోసెలో ఉంది.

దక్షిణ కొరియా: 1966లో అమెరికా సాయంతో కొరియా శాస్త్ర, సాంకేతిక సంస్థ (కిస్ట్) ఏర్పడింది. విదేశాల్లో స్థిరపడిన కొరియన్ శాస్త్రవేత్తలను వెనక్కి పిలవడం దాని మొదటి పని. 1971లో నేటి కైస్ట్‌కు మూలమైన ఉన్నత విద్యాసంస్థ వచ్చింది. 1973లో డేడాక్ పరిశోధన నగరానికి ప్రణాళిక సిద్ధమైంది. ఆ రోజుల్లో దేశ పరిశోధన వ్యయం జీడీపీలో అర శాతం లోపే, అందులోనూ ఎక్కువ ప్రభుత్వానిదే. 1980లలో ఈ పొందిక తలకిందులైంది. 1983లో శామ్‌సంగ్ మెమరీ చిప్‌ల రంగంలోకి దిగింది. ఎల్జీ (అప్పటి గోల్డ్‌స్టార్), హ్యుందాయ్ సంస్థలు కూడా పరిశోధన కేంద్రాలు పెట్టాయి. ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్, టెలికమ్యూనికేషన్ల పరిశోధన సంస్థ ఎట్రి, ప్రైవేటు కంపెనీలు కలిసి సీడీఎంఏ మొబైల్ పరిజ్ఞానాన్ని 1996లో వాణిజ్య సేవగా ప్రారంభించాయి. నేడు పరిశోధన ఖర్చులో నాలుగింట మూడు వంతులకు పైగా కంపెనీలదే. తీవ్రత 5 శాతానికి చేరింది.

ఇంత పటిష్ఠమైన వ్యవస్థలోనూ ఒడుదొడుకులు తప్పలేదు. 2024 బడ్జెట్లో ప్రభుత్వ పరిశోధన నిధులను 31.1 లక్షల కోట్ల వన్‌ల నుంచి 26.5 లక్షల కోట్ల వన్‌లకు తగ్గించారు. శాస్త్రవేత్తల నిరసన తర్వాత మరుసటి ఏడాది నిధులు పెంచారు. ఒక ఏడాది వేతనం ఆగిపోవడంతో ప్రయోగశాల విడిచివెళ్లిన యువ పరిశోధకుడు మరుసటి ఏడాది బడ్జెట్ పెరిగిందని తిరిగి రాడు. పరిశోధన నిధుల్లో మొత్తం ఎంత ముఖ్యమో నిలకడా అంతే ముఖ్యం.

తైవాన్: 1973లో ఏర్పడిన పారిశ్రామిక సాంకేతిక పరిశోధన సంస్థ (ఇట్రి) 1976లో అమెరికా కంపెనీ ఆర్‌సీఏ నుంచి చిప్‌ల పరిజ్ఞానాన్ని కొన్నది. యువ ఇంజనీర్లను శిక్షణకు అమెరికా పంపింది. వారు తిరిగి వచ్చి నడిపిన ప్రయోగాత్మక కర్మాగారం నుంచే 1980లో చిప్‌ల కంపెనీ యూఎంసీ పుట్టింది. సిన్చూ విజ్ఞాన పార్కు కూడా అదే ఏడాదిది. 1987లో మారిస్ చాంగ్ స్థాపించిన టీఎస్ఎంసీలో ఆరంభంలో దాదాపు సగం వాటా ప్రభుత్వానిది, నాలుగో వంతుకు పైగా నెదర్లాండ్స్ సంస్థ ఫిలిప్స్‌ది. సొంత చిప్‌లు రూపొందించకుండా ఇతరుల నమూనాలను మాత్రమే తయారుచేయడం ఈ కంపెనీ పెట్టుకున్న నియమం. ఈ నియమం వల్ల కర్మాగారం లేని చిన్న డిజైన్ సంస్థలు ప్రపంచమంతటా పుట్టుకొచ్చాయి. పరిశోధన విధానం ఒక కొత్త వ్యాపార పద్ధతికే జన్మనిచ్చిన అరుదైన సందర్భం ఇది. (చూడండి: సెమీకండక్టర్ పరిశ్రమ.)

చైనా: 1986 మార్చిలో వాంగ్ డాహెంగ్, వాంగ్ గన్‌చాంగ్, యాంగ్ జియాచీ, చెన్ ఫాంగ్‌యున్ అనే నలుగురు శాస్త్రవేత్తలు ఉన్నత సాంకేతిక రంగాల్లో దేశం వెనకబడుతోందని నాయకత్వానికి లేఖ రాశారు. దాని ఫలితమైన పథకానికి, రాసిన ఏడాది, నెల కలిపి, 863 అనే పేరు వచ్చింది. 1988లో టార్చ్ పథకం కొత్త సంస్థలను, విజ్ఞాన పార్కులను ప్రోత్సహించింది. 1997లో మౌలిక పరిశోధనకు 973 పథకం వచ్చింది. 2006లో ప్రకటించిన 15 ఏళ్ల ప్రణాళిక 2020 నాటికి 2.5 శాతం తీవ్రతను లక్ష్యంగా పెట్టుకోగా, వాస్తవంలో 2.4 శాతం సాధించింది. 2000లో అది 0.9 శాతమే. 2024లో వ్యయం 3.6 లక్షల కోట్ల యువాన్లు దాటింది. ఇందులో మూడింట రెండు వంతులకు పైగా ఖర్చు చేసేది పరిశ్రమే. మౌలిక పరిశోధన వాటా మాత్రం 7 శాతం దగ్గరే ఉంది. చైనా ప్రభుత్వం కూడా దీన్ని లోపంగానే గుర్తించింది.

ఇతర దేశాలు: సింగపూర్ 1991 నుంచి అయిదేళ్ల పరిశోధన ప్రణాళికలు అమలు చేస్తోంది. 2003లో బయోపోలిస్ పరిశోధన సముదాయం ప్రారంభమైంది. 2021-25 ప్రణాళికకు మొదట 2,500 కోట్ల సింగపూర్ డాలర్లు కేటాయించారు. సౌదీ అరేబియా 2009లో కౌస్ట్ విశ్వవిద్యాలయాన్ని ప్రారంభించింది. ఇండొనేసియా 2021లో తన ప్రభుత్వ పరిశోధన సంస్థలను బ్రిన్ అనే ఒకే గొడుగు కిందికి తెచ్చింది. వియత్నాం కమ్యూనిస్టు పార్టీ పొలిట్‌బ్యూరో 2024 డిసెంబరు నాటి 57వ తీర్మానంలో 2030 నాటికి పరిశోధన వ్యయాన్ని జీడీపీలో 2 శాతానికి చేర్చాలని, అందులో 60 శాతం పైగా ప్రభుత్వేతర వర్గాల నుంచి రావాలని నిర్దేశించింది.

భారతదేశం

వ్యవస్థ ఏర్పాటులో భారత్ ముందుంది. శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి (సీఎస్ఐఆర్) 1942లో, టాటా మౌలిక పరిశోధన సంస్థ 1945లో, అణుశక్తి విభాగం 1954లో ఏర్పడ్డాయి. 1958లో పార్లమెంటు ముందుకు వచ్చిన శాస్త్ర విధాన తీర్మానం నాటికి కొరియాలో కిస్ట్ ఆలోచనే లేదు. ఇస్రో 1969 నాటిది. అణు, అంతరిక్ష రంగాల్లో దేశం సాధించినదానికి ఈ పునాదే కారణం. 2023 ఆగస్టు 23న చంద్రుడి దక్షిణ ధ్రువ ప్రాంతంలో దిగిన చంద్రయాన్-3కు అయిన ఖర్చు సుమారు 615 కోట్ల రూపాయలు.

పరిశోధన తీవ్రత మాత్రం 2000ల చివర్లో 0.8 శాతం దాకా వెళ్లి, 2020-21 నాటికి 0.64 శాతానికి దిగింది. ఆ ఏడాది మొత్తం వ్యయం 1,27,381 కోట్ల రూపాయలు. పదేళ్ల కిందటి 60,197 కోట్లతో పోలిస్తే రూపాయల్లో ఇది రెట్టింపే. ఆర్థిక వ్యవస్థ ఇంకా వేగంగా పెరగడంతో వాటా తగ్గింది. ఇందులో ప్రైవేటు పరిశ్రమ ఖర్చు 36 శాతం. చైనా, కొరియాలతో పోల్చినప్పుడు కొట్టొచ్చినట్టు కనిపించే తేడా ఇక్కడే ఉంది. 2013 నాటి శాస్త్ర, సాంకేతిక, ఆవిష్కరణ విధానం 2 శాతం లక్ష్యాన్ని చెప్పింది. అది ఇప్పటికీ అందలేదు.

ప్రైవేటు పరిశోధన తక్కువగా ఉండే ఈ ధోరణికి ఔషధ రంగం మినహాయింపు. దాని చరిత్ర చాలావరకు హైదరాబాదు చరిత్రే. 1944లో నిజాం రాజ్యంలో మొదలైన కేంద్ర ప్రయోగశాలలే ప్రాంతీయ పరిశోధనశాలగా మారి, నేటి భారత రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) అయ్యాయి. సోవియట్ సాయంతో బాలానగర్‌లో వచ్చిన ప్రభుత్వ ఔషధ సంస్థ ఐడీపీఎల్ కర్మాగారం ఒక తరం రసాయన శాస్త్రజ్ఞులకు పని నేర్పింది. 1984లో డాక్టర్ రెడ్డీస్ ఔషధ సంస్థను స్థాపించిన కె. అంజిరెడ్డి అక్కడ పనిచేసినవారే. 1970 పేటెంటు చట్టం మందులకు వస్తు పేటెంటు తీసేసి, తయారీ పద్ధతికి మాత్రమే పేటెంటు ఉంచింది. దాంతో అదే మందును వేరే దారిలో, చౌకగా తయారుచేసే పరిశోధనకు గిరాకీ వచ్చింది. ఐఐసీటీలో ఎ.వి. రామారావు బృందం ఎయిడ్స్ మందు ఏజెడ్‌టీకి రూపొందించిన తయారీ పద్ధతిని ఔషధ కంపెనీ సిప్లా తీసుకుంది. 1993లో కె.ఐ. వరప్రసాదరెడ్డి ప్రారంభించిన శాంతా బయోటెక్నిక్స్, దేశంలో తయారైన తొలి రీకాంబినెంట్ హెపటైటిస్-బి టీకాను 1997లో మార్కెట్లోకి తెచ్చింది. కేంద్ర ప్రభుత్వ సాంకేతిక అభివృద్ధి బోర్డు దీనికి రుణమిచ్చింది. అప్పటిదాకా దిగుమతి టీకాను కొనలేని కుటుంబాలకు అది అందుబాటులోకి వచ్చింది. 2009లో ఆ సంస్థను ఫ్రాన్స్ కంపెనీ సనోఫీ కొన్నది. 1999 నాటి బయోటెక్ సముదాయం జీనోమ్ వ్యాలీ, కొవిడ్ టీకా కొవాగ్జిన్ తయారుచేసిన భారత్ బయోటెక్ ఈ వరసలోనివే. ప్రభుత్వ ప్రయోగశాల, దానిలో పని నేర్చుకున్న మనుషులు, అనుకూలమైన చట్టం, ప్రైవేటు పెట్టుబడి అనే నాలుగూ ఒకే ఊళ్లో కలిసిన సందర్భం ఇది. ఎలక్ట్రానిక్స్‌కు అలాంటి కలయిక దొరకలేదు. 1967లో ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్‌ను హైదరాబాదులోనే పెట్టినా, దాని చుట్టూ సిన్చూ వంటి పరిశ్రమ పెరగలేదు.

ఇటీవలి చర్యల్లో ప్రధానమైనవి: 2021 డిసెంబరులో 76,000 కోట్ల రూపాయల సెమీకండక్టర్ పథకం, 2023లో 6,003 కోట్ల జాతీయ క్వాంటమ్ మిషన్, అదే ఏడాది చట్టం ద్వారా ఏర్పడిన అనుసంధాన్ జాతీయ పరిశోధన సంస్థ, 2024లో 10,371 కోట్ల ఇండియా ఏఐ మిషన్. 2025 జులైలో కేంద్ర మంత్రివర్గం లక్ష కోట్ల రూపాయల పరిశోధన, అభివృద్ధి, ఆవిష్కరణ (ఆర్‌డీఐ) నిధిని ఆమోదించింది. ఇది గ్రాంటు కాదు. తక్కువ వడ్డీకి దీర్ఘకాలిక రుణంగానో, వాటా మూలధనంగానో ప్రైవేటు సంస్థలకు చేరే డబ్బు. ప్రయోగశాలలో రుజువైన దశ దాటిన ప్రాజెక్టులకే వర్తిస్తుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఐబీఎం, టీసీఎస్, ఎల్ అండ్ టీలతో కలిసి అమరావతిలో క్వాంటమ్ వ్యాలీని 2025లో ప్రకటించింది.

పెట్టుబడి మార్గాలు

ప్రభుత్వ డబ్బు పరిశోధనకు చేరే దారులు స్థూలంగా నాలుగు: సొంత ప్రయోగశాలలు, పోటీ గ్రాంట్లు, పన్ను రాయితీలు, మూలధన నిధులు. మొదటి రెండూ అన్ని దేశాల్లో పాతవే.

పన్ను రాయితీ విషయంలో ఆసియా దేశాలు ఎదురెదురు దిశల్లో నడిచాయి. పరిశోధనపై పెట్టిన ఖర్చుకు అదనంగా మినహాయింపునిచ్చే పద్ధతిని చైనా విస్తరిస్తూ వచ్చింది. 2023 నుంచి అర్హత గల సంస్థలన్నిటికీ 100 శాతం అదనపు మినహాయింపును స్థిరం చేసింది. అంటే 100 యువాన్లు ఖర్చు చేస్తే పన్ను లెక్కలో 200 తగ్గుతాయి. భారత్ సంస్థల సొంత పరిశోధనపై ఇస్తూ వచ్చిన 200 శాతం మినహాయింపును 2017-18 నుంచి 150 శాతానికి, 2020-21 నుంచి 100 శాతానికి తగ్గించింది. మినహాయింపులు తీసేసి పన్ను రేటే తగ్గించడం ఈ మార్పు వెనక ఉన్న ఆలోచన. ప్రైవేటు పరిశోధన తక్కువగా ఉన్న దేశం ఆ ప్రోత్సాహకాన్నే ముందుగా వదులుకోవడం విమర్శకు గురైంది.

మూలధన నిధులకు ఒక ఉదాహరణ ఇజ్రాయెల్ 1993లో 10 కోట్ల డాలర్లతో ప్రారంభించిన యోజ్మా. ప్రభుత్వం 10 వెంచర్ నిధుల్లో 40 శాతం దాకా వాటా పెట్టింది. నష్టంలో పాలు పంచుకుంటూనే, లాభం కనిపిస్తే ఆ వాటాను అయిదేళ్లలోపు అసలు, వడ్డీ చెల్లించి కొనుక్కునే హక్కు ప్రైవేటు భాగస్వాములకు ఇచ్చింది. కొన్నేళ్లకే ప్రభుత్వం పక్కకు తప్పుకోగలిగింది. చైనా సమగ్ర సర్క్యూట్ పెట్టుబడి నిధి (వాడుకలో బిగ్ ఫండ్) దీనికి భిన్నం. 2014లో 13,870 కోట్ల యువాన్లతో మొదలై, 2024లో 34,400 కోట్ల యువాన్ల మూడో విడతకు పెరిగింది. ఈ బాటలో నష్టాలూ ఉన్నాయి. వూహాన్‌లో తలపెట్టిన ఒక భారీ చిప్ కర్మాగారం 2020-21లో మధ్యలోనే ఆగిపోయింది. నిధి నిర్వాహకులపై 2022లో అవినీతి విచారణలు జరిగాయి.

ప్రైవేటు వెంచర్ పెట్టుబడిలో 2017లో దాదాపు 10,000 కోట్ల డాలర్లతో వచ్చిన సాఫ్ట్‌బ్యాంక్ విజన్ ఫండ్ పెద్దది. అందులో 4,500 కోట్లు సౌదీ ప్రభుత్వ నిధివి. ఇలాంటి డబ్బు ఎక్కువగా వినియోగదారుల యాప్‌లకే చేరుతుంది. ఏళ్ల తరబడి ఫలితం కోసం వేచి ఉండవలసిన ప్రయోగశాల పనికి చేరేది తక్కువ. (చూడండి: వెంచర్ క్యాపిటల్; అంకుర సంస్థలు.)

ప్రధాన రంగాలు

సెమీకండక్టర్లు: అమెరికా 2022 అక్టోబరులో అత్యాధునిక చిప్‌లు, వాటి తయారీ యంత్రాలు చైనాకు చేరకుండా ఆంక్షలు పెట్టింది. ఆ తర్వాత ఖండంలో పెట్టుబడుల దిశ మారింది. చైనా స్వదేశీ యంత్రాలపై దృష్టి పెట్టింది. టీఎస్ఎంసీ 2024 ఫిబ్రవరిలో జపాన్‌లోని కుమమోటోలో కర్మాగారాన్ని ప్రారంభించింది. ఖర్చు తక్కువ ఉన్నచోటికే వెళ్లే పెట్టుబడి, నమ్మకం ఉన్నచోటికీ వెళ్లడం మొదలైంది.

బ్యాటరీలు: లిథియం-అయాన్ బ్యాటరీని 1991లో సోనీ మార్కెట్లోకి తెచ్చింది. దాని రూపశిల్పుల్లో ఒకరైన అకిరా యోషినో 2019లో నోబెల్ పొందారు. చవకైన లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం టెక్సస్‌లో కనుగొన్నదే అయినా, భారీ ఉత్పత్తికి ఎదిగింది చైనాలో. అక్కడి ప్రభుత్వం 2009 నుంచి 2022 దాకా విద్యుత్ వాహనాలకు ఇచ్చిన కొనుగోలు రాయితీ ఆ పరిశోధనకు మార్కెట్‌ను కల్పించింది.

వ్యవసాయం: సాంకేతిక పెట్టుబడుల చర్చలో వరి ప్రస్తావన అరుదు. ఆసియాలో ఇంతమంది కడుపు నింపిన పరిశోధన మరొకటి లేదన్నది మాత్రం నిజం. ఫిలిప్పీన్స్‌లోని లాస్ బాన్యోస్‌లో 1960లో ఏర్పడిన అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1966లో ఐఆర్8ను విడుదల చేసింది. పశ్చిమ గోదావరి జిల్లా ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు మరుసటి ఏడాదే దాన్ని పెద్ద ఎత్తున పండించి, మిస్టర్ ఐఆర్8గా పేరు పొందారు. అదే జిల్లాలోని మారుటేరు కేంద్రం నుంచి వచ్చిన స్వర్ణ (ఎంటీయూ 7029) తూర్పు భారతమంతటా పాకింది. ఒడిశా నాటు రకం నుంచి తీసిన ముంపు తట్టుకునే జన్యువును లాస్ బాన్యోస్ శాస్త్రవేత్తలు ఆ స్వర్ణలోకే ఎక్కించారు. అలా వచ్చిన స్వర్ణ-సబ్1 2009లో భారత్‌లో విడుదలైంది. రెండు వారాల దాకా నీట మునిగినా ఈ పైరు బతుకుతుంది. ఈ పనికి చిప్‌ల కర్మాగారంతో పోలిస్తే అయిన ఖర్చు చాలా స్వల్పం.

ఫలితాల కొలత

ప్రపంచ మేధోసంపత్తి సంస్థ లెక్కల ప్రకారం ప్రపంచంలో దాఖలయ్యే పేటెంటు దరఖాస్తుల్లో మూడింట రెండు వంతులకు పైగా ఆసియా కార్యాలయాలకే వస్తున్నాయి. అందులో సింహభాగం చైనాది. దరఖాస్తుకు స్థానిక ప్రభుత్వాలు డబ్బు ఇవ్వడం వల్ల ఆ సంఖ్య ఉబ్బిందన్న విమర్శ ఉంది. ఆ సబ్సిడీలను 2025 నాటికి పూర్తిగా ఆపాలని చైనా పేటెంటు కార్యాలయం 2021లో ఆదేశించింది. ప్రపంచ మేధోసంపత్తి సంస్థ ప్రచురించే ప్రపంచ ఆవిష్కరణ సూచీ 2025లో దక్షిణ కొరియా 4, సింగపూర్ 5, చైనా 10, భారత్ 38వ స్థానాల్లో ఉన్నాయి. 2015లో భారత్ స్థానం 81.

పేటెంటు ఎక్కడ పుట్టిందన్నదానికీ, ఎవరికి చెందిందన్నదానికీ తేడా ఉంది. హైదరాబాదు, బెంగళూరుల్లో బహుళజాతి సంస్థల సామర్థ్య కేంద్రాల్లో పనిచేసే ఇంజనీర్ల ఆవిష్కరణలు సాధారణంగా మాతృసంస్థ పేరిటే నమోదవుతాయి. నైపుణ్యం, జీతం ఇక్కడ మిగులుతాయి. హక్కు, దానిపై వచ్చే రాబడి అక్కడికి వెళ్తాయి.

పరిశోధకులు

పరిశోధన పద్దులో పెద్ద భాగం మనుషుల జీతభత్యాలదే. భారత్‌లో ప్రతి 10 లక్షల జనాభాకు 2000లో 110 మంది పరిశోధకులుంటే, 2020 నాటికి ఆ సంఖ్య 262. కొరియాలో ఇది వేలల్లో ఉంది. విదేశాల్లో ఉన్నవారిని రప్పించడం ఈ ఖండంలో మొదటినుంచీ ఒక విధానమే: 1966లో కిస్ట్, 1980లలో సిన్చూ, 2008లో చైనా చేపట్టిన వెయ్యి ప్రతిభావంతుల పథకం అన్నీ ఆ పనే చేశాయి. కిస్ట్ తిరిగి వచ్చినవారికి ఇల్లు, పిల్లల చదువు, దేశంలోని విశ్వవిద్యాలయ ఆచార్యుల కన్నా ఎక్కువ జీతం ఇచ్చింది. తన పనిలో ప్రభుత్వ జోక్యం లేకుండా ప్రత్యేక చట్టం కూడా చేయించుకుంది.